కడిగిన పక్షానికే తిరిగొచ్చిన చిలుము: ఒక రొయ్యల బండి బ్యాటరీ కేసు

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడి, పచ్చ చిలుము పట్టడం మా కోనసీమలో వింతేమీ కాదు. తినే సోడా కలిపిన నీళ్లతో కడిగితే పోతుంది. చాలా బళ్లకు కథ అక్కడితో అయిపోతుంది కూడా. ఈ బండికి అవలేదు. పద్ధతిగా కడిగాక కూడా పక్షం తిరిగేసరికి చిలుము మళ్లీ వచ్చింది. అయితే అది తిరిగొచ్చిన చోటే అసలు జబ్బు ఎక్కడుందో చూపించింది. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను. ఊరు, బండి నంబరు, మనుషుల వివరాలు వదిలేశాను. మీటరు మీద చూసిన కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

బండి, దాని పని

డీజిల్ మినీ ట్రక్కు. యజమానే డ్రైవరు. ఊరు దిగువన, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే వైపు ఉంది. ఒకప్పటి వరిచేలు చాలామటుకు రొయ్యల చెరువులైపోయిన చోటు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) ఉన్న రోజున తెల్లవారకముందే బండి చెరువు గట్టు మీద ఉండాలి. రొయ్యల్ని ఐసు వేసి ట్రేలలో పేర్చి, దిండి–చించినాడ వంతెన దాటించి భీమవరం వైపు ప్లాంటుకు చేర్చాలి. దారి పొడవునా ఐసు కరుగుతుంది. చెరువు ఉప్పు, రొయ్యల జిగురు కలిసిన ఆ నీళ్లు తొట్టి చెక్కల సందుల్లోంచి కిందికి కారతాయి.

బ్యాటరీ ఉన్నది సరిగ్గా ఆ తొట్టి కిందే, ఛాసిస్ పక్కన బిగించిన ఇనుప ట్రేలో. దాని మీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత ఎప్పుడో ఊడిపోయింది. 12 వోల్టుల బ్యాటరీ, ఆరు మూతలు విప్పి నీళ్లు పోసే రకం, వయసు రెండేళ్ల పైన. వైరును ప్లస్ పోస్టుకి, అంటే బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన సీసం మొలకి, పట్టి ఉంచే క్లాంపు బండితో వచ్చింది కాదు. మధ్యలో ఎవరో బజార్లో దొరికే రెడీమేడ్ క్లాంపు వేశారు. వైరు కొన గీరి, ఆ రాగి పోగుల్ని రేకు కింద పెట్టి రెండు బోల్టులతో నొక్కేస్తారే, ఆ రకం. పోగుల కొనలు బయటికే కనబడుతుంటాయి.

వచ్చిన ఫిర్యాదు

“లైట్లు వెలుగుతున్నాయండి, హారన్ మోగుతుందండి, సెల్ఫ్ కొడితే మాత్రం టక్‌మని ఊరుకుంటుందండి,” అన్నాడాయన. గట్టు మీద లోడు ఎక్కించాక స్టార్ట్ అవ్వక, కూలీలు తోస్తే కదిలిన సందర్భాలు ఉన్నాయి. క్లాంపును చేత్తో అటూ ఇటూ తిప్పితే ఒక్కోసారి అందుకునేది. ఐసు కరుగుతుంటే బండి కదలకపోవడం ఎంత టెన్షనో రొయ్యల మనుషులకు చెప్పక్కర్లేదు. అప్పటికే ఒకచోట చూపిస్తే “బ్యాటరీ పోయింది, కొత్తది వేసేయండి” అన్నారట.

ఇంట్లో బ్యాటరీ కడిగేది ఆయన భార్య. ఆవిడ చెప్పిన మాట ఒకటి నేను అప్పుడే రాసుకున్నాను. “ఎన్నిసార్లు కడిగినా ముందు ప్లస్సు పక్కే వస్తుందండి అన్నయ్యగారూ. మైనస్ పక్క అంత రాదు.”

అప్పటికే చేసి చూసినవి

మరిగే నీళ్లు పోశారు. పొడి కొట్టుకుపోయి పైకి శుభ్రంగా కనిపించింది. పచ్చగా, నీలంగా ఉండే రాగి ఉప్పు నీళ్లలో తేలిగ్గానే కరుగుతుంది. తెల్లగా ఉండే సీసం ఉప్పు మాత్రం దాదాపు కరగదు, వదులుగా ఉన్నంత మేర పోతుంది, అంతే. క్లాంపుకీ పోస్టుకీ మధ్య గట్టిగా పట్టిన పొర అలాగే ఉండిపోతుంది. పైగా ఉత్త నీళ్లు యాసిడ్‌ను పలచన చేస్తాయి గాని విరిచెయ్యవు.

తర్వాత కూల్ డ్రింకు పోశారు. ఇది ఫోన్లో వీడియోలు చూసి చేసిన పని. కోలాలో ఉండేదీ యాసిడే, కాస్త పొడిని వదిలిస్తుంది, నిజమే. కానీ యాసిడ్ చిందిన చోట మరో యాసిడ్ పోసి, దాని మీద చక్కెర జిగురు మిగల్చడం ఎందుకో నాకు అర్థం కాదు. ఆ జిగురుకి దుమ్ము అంటుకుని బ్యాటరీ పైభాగమంతా నల్లగా అట్ట కట్టింది.

కొబ్బరినూనె రాశారు. కోనసీమలో దేనికైనా మొదట చేతికొచ్చేది అదే కదా. 24 డిగ్రీల దగ్గరే కరిగే నూనె మన ఎండల్లో టెర్మినల్ మీద నిలవదు, జారిపోతుంది. ఆ తర్వాత బేరింగుల గ్రీజు దట్టంగా పూశారు. అది నిలిచింది, కానీ యాసిడ్ తడి ఉండగానే పూయడంతో తడి కింద భద్రంగా ఉండిపోయింది. గ్రీజు కొంత మూతల మీదికీ పాకి, రెండు మూతల్లో గాలి పోయే కన్నాలు పూడుకుపోయాయి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు లోపల పుట్టే హైడ్రోజన్ ఆ కన్నాల్లోంచే బయటికి పోవాలి. కాబట్టి ఈ ప్రయత్నం మాత్రం దండగే కాదు, ప్రమాదం కూడా. చివరికి వదులైన క్లాంపు బిగుసుకోవడానికి సందులో రేకుముక్క దూర్చారు. దాంతో తాకాల్సిన చోటు ఇంకా తగ్గింది.

ముందు మీటరు, తర్వాత బ్రష్షు

మేం బండి చూసింది వాళ్ల పెరట్లోనే. ఆవిడ సోడా, నీళ్లు సిద్ధం చేసి పెట్టారు. కడగకముందే కొలవాలని ఆగాను. కడిగేశాక సెల్ఫ్ బాగా తిరిగితే సంతోషమే, కానీ తప్పు ఎంతవరకు పొడిది, ఎంతవరకు బ్యాటరీది, ఎంతవరకు వైరుది అన్నది ఇంక తేలదు. చెడ్డ స్థితిలో కొలతలు దొరికేది ఒక్కసారే.

బండి రాత్రంతా ఆగి ఉంది కాబట్టి బ్యాటరీ వోల్టేజీ నమ్మదగ్గదే. 12.5 చూపించింది. నిండా ఛార్జయితే 12.6, 12.7 ఉంటుంది. 12.2 అంటే సగం. యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరుతో బ్యాటరీలోని ఆరు గదుల్లో (సెల్స్) చూస్తే అన్నీ 1.230, 1.240 మధ్యే ఉన్నాయి. ఏదో ఒక గది మిగతా వాటికన్నా 0.050 కిందికి పడి ఉంటే ఆ గది పోయినట్టు. ఇక్కడ అలా లేదు. బ్యాటరీ పోలేదని ఇక్కడే సగం నమ్మకం కుదిరింది.

మిగతా సగం సెల్ఫ్ కొట్టినప్పుడు తేలింది. మీటరు సూదుల్ని క్లాంపు మీద పెట్టకుండా, సీసం పోస్టుల మీదే గుచ్చి పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నాను. 10.7. ఆ బరువు మీద 9.6 కన్నా పైన నిలిచిందంటే బ్యాటరీ తన పని తాను చేస్తున్నట్టే. తర్వాత ఒక సూది ప్లస్ పోస్టు మీద, రెండోది ప్లస్ క్లాంపు మీద పెట్టాను. రెండూ ఆనుకుని ఉన్నవే, తేడా సున్నాకి దగ్గరగా ఉండాలి. 1.1 వోల్టు వచ్చింది. క్లాంపు నుంచి సెల్ఫ్ మోటారు స్టడ్ (వైరు బిగించే బోల్టు) దాకా వైరులో మరో 0.6. మైనస్ పోస్టు నుంచి ఛాసిస్ దాకా 0.3. అంటే బ్యాటరీ ఇస్తున్న 10.7లో మోటారుకి అందుతున్నది 8.7 మాత్రమే.

లైట్లు ఎందుకు వెలుగుతున్నాయి మరి? ఇలాంటి బండి సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 1.1 వోల్టు పడిందంటే ఆ పొడి పొర నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతులు ఏడు. అంత చిన్నదాన్ని మామూలు మీటరు ఓమ్స్‌లో పెట్టి కొలవలేం కూడా. అదే పొర గుండా హెడ్‌లైటు లాగే 5 ఆంపియర్లు పోతే పడేది 0.035 వోల్టు, కంటికి తెలియదు. తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే సన్నధార వస్తూనే ఉంటుంది, చేను మాత్రం తడవదు. కాబట్టి “లైట్లు వెలుగుతున్నాయి, టెర్మినల్ బాగానే ఉంది” అనే లెక్క పనికిరాదు.

ఈ కొలతలతో నాకు రెండు విషయాలు తెలిశాయి. పెద్ద నష్టం ప్లస్ క్లాంపు దగ్గర ఉంది, అది ఇంట్లోనే పోగొట్టొచ్చు. వైరులో పడుతున్న 0.6 కడిగితే పోయేది కాదు. సీజను నడుస్తోంది, వైరు మార్పించాలంటే బండి ఆపాలి, రెండు వారాలు ఆగగలమా అని ఆయన అడిగాడు. క్లాంపు బాగుపడితే సెల్ఫ్ తిరగడానికి సరిపడా వోల్టేజీ వస్తుందని లెక్క చెబుతోంది కాబట్టి సరేనన్నాను.

పెరట్లో కడిగిన తీరు

సామాను ఇంట్లోదే. పెద్ద చెంచాడు తినే సోడా, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్, 10 నంబరు స్పానరు, ఎమరీ కాగితం ముక్క, వాజలిన్, రబ్బరు చేతితొడుగులు, కళ్లజోడు. చాకలి సోడా అయినా యాసిడ్‌ను విరిచేస్తుంది, కానీ చేతుల్ని తినేస్తుంది, అల్యూమినియం భాగాల మీద పడితే పాడుచేస్తుంది. తినే సోడా ఎక్కువైనా నష్టం లేదు.

ఆయన చేతికున్న రాగి కడియం, ఉంగరం తీయించాను. స్పానరు ప్లస్‌కీ బాడీకీ ఒకేసారి తగిలితే మంట లేస్తుంది. మధ్యలో కడియం ఉంటే ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. ముందు మైనస్ విప్పేది కూడా ఇందుకే. మైనస్ తీసేశాక స్పానరు బాడీకి తగిలినా దారి పూర్తవదు. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, ప్లస్ ముందు, మైనస్ చివర. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లలో కీ తీసేశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి విప్పడం మేలు, కంప్యూటరు పూర్తిగా నిద్రపోవాలి. బీడీ, అగరబత్తి దరిదాపుల్లో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ప్లస్ క్లాంపు కదల్లేదు. ఆయన సుత్తి తేబోయాడు, వద్దన్నాను. పోస్టును కొట్టినా, స్క్రూడ్రైవరుతో మెలిపెట్టి లేపినా, అది పెట్టెలోకి దిగే చోట సీలు పగులుతుంది. ఆ తర్వాత పోస్టు చుట్టూ యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, ఎంత కడిగినా లాభం ఉండదు. బోల్టు పూర్తిగా వదులు చేసి, సోడా నీళ్లు పోసి కాసేపు వదిలేశాం. బుసబుసమని నురగ లేచింది. పచ్చపొడి కింద తెల్లపొర, దాని కింద దూర్చిన రేకుముక్క సగం తినేసి జల్లెడలా కనబడ్డాయి. అప్పుడు క్లాంపు నోరు కొంచెం తెరిస్తే చేత్తోనే పైకి వచ్చేసింది.

పొడిని పొడిగా ఉండగా బ్రష్షుతో రాల్చకూడదు. అందులో సీసం ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపాకే రుద్దాలి. సోడా నీళ్లు మూతల సందుల్లోంచి లోపలికి దిగితే బ్యాటరీలోని యాసిడ్‌నే విరిచేస్తాయి, అందుకని మూతలు బిగించి వాటి మీద తడిగుడ్డ కప్పాం. ఎప్పుడు ఆపాలన్నది రంగును బట్టి కాదు, నురగను బట్టి చూస్తాను. కొత్తగా సోడా నీళ్లు పోసినా బుడగ లేవకపోతే యాసిడ్ అయిపోయినట్టు. తర్వాత మంచినీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, ఎమరీతో పోస్టునీ క్లాంపు లోపలినీ మసక పోయి సీసం మెరిసేదాకా రుద్దాం. సీసం మెత్తన, ఎక్కువ రుద్దితే పోస్టు సన్నబడుతుంది. క్లాంపు వదులవడానికి ఒక్కోసారి అదే కారణం.

క్లాంపు అడుగుదాకా దించి, చేత్తో తిప్పితే కదలనంత బిగించాక, పైన పలచగా వాజలిన్ రాశాం. ముందే పోస్టుకి దట్టంగా పూసి క్లాంపు దించేవాళ్లున్నారు. నాకు లోహం లోహాన్ని నేరుగా తాకాలి, జిడ్డు బయట కాపలా ఉండాలి. మూతల కన్నాల్లో గ్రీజు పుల్లతో తీసేశాం.

కడిగిన నీళ్లు ఎక్కడ పారబొయ్యాలని ఆవిడ అడిగారు. కింద ప్లాస్టిక్ తొట్టె పెట్టించాను కాబట్టి నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి. సీసం ఉన్న నీళ్లు నూతి దగ్గరా, కూరపాదుల దగ్గరా పోయకూడదు. చెరువు గట్టు మీద అసలే వద్దు, రాగి ఉప్పు రొయ్యలకు విషం. అడుగున పేరుకున్న మడ్డి ఎండబెట్టి, బ్యాటరీలు కొనే కొట్టుకి పాత బ్యాటరీ ఇచ్చేటప్పుడు దానితోపాటే ఇవ్వమన్నాను.

మళ్లీ మీటరు పెడితే పోస్టుకీ క్లాంపుకీ మధ్య 0.04. మైనస్ పక్క 0.1. వైరులో 0.7, మోటారు ఇప్పుడు ఎక్కువ కరెంటు లాగుతోంది కాబట్టి అది కాస్త పెరిగింది. మోటారు దగ్గర 9.7. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది.

వెళ్లేముందు ఆవిడతో ఒక మాట చెప్పాను. “ఈసారి పొడి వస్తే వెంటనే కడిగెయ్యకమ్మా. ముందు ఏ పక్క మొదలైందో ఫొటో తీసి పంపు.”

మళ్లీ ఎక్కడ మొదలైంది?

పక్షం తిరిగేసరికి ఫొటో వచ్చింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, కానీ ప్లస్ క్లాంపుకి చిలుము మొదలైంది. ఫొటో పెద్దది చేసి చూస్తే రెండు రకాలున్నాయి. మూతల వైపున్న లోపలి అంచున తెల్లటి చెమ్మ. బయటి పక్క, వైరు పోగులు నొక్కిన రేకు దగ్గర ముదురుపచ్చ. మైనస్ క్లాంపు వాజలిన్‌తో అలాగే ఉంది.

ఇంత తొందరగా రావడానికి నాకు తట్టిన కారణాలు నాలుగు. ఆల్టర్నేటరు (ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఎక్కువ ఛార్జ్ చేసి యాసిడ్ ఆవిరి తోసెయ్యడం, ప్లస్ పోస్టు సీలు పగలడం, లోపలి యాసిడ్ మూతల్లోంచి చిందడం, పైనుంచి ఉప్పునీళ్లు పడటం. ఖర్చు చూస్తే రెండోదే భయం. సీలు పోతే బ్యాటరీ మార్చడమే. అందుకే అది కాదని తేల్చుకోవడం ముఖ్యమనిపించింది.

ఛార్జింగు సులువుగా తేలింది. ఇంజను కొంచెం రేజ్ చేసి చూస్తే 14.2, లైట్లన్నీ వేసినా 13.9. ఎక్కువేం కాదు. పైగా అతిగా ఛార్జయ్యే బ్యాటరీలో నీళ్లు తగ్గిపోతుంటాయి. ఇక్కడ మూతలు విప్పితే నీళ్లు గొంతుదాకా ఉన్నాయి.

“నీళ్లు ఎప్పుడు పోస్తారండి?”

“ఆదివారం ఆదివారం నిండా పోసేస్తానండి.”

“తగ్గకపోయినానా?”

“తగ్గాయో లేదో ఎవరు చూశారండి, మన జాగ్రత్త మనది.”

పోసేది డిస్టిల్డ్ వాటర్ కూడా కాదు. ఇంటికొచ్చే మినరల్ వాటర్ టిన్నులోదే. దిగువ ఊళ్లలో బోరునీళ్లు ఉప్పన కాబట్టి టిన్ను నీళ్లంటే అందరికీ గొప్ప నమ్మకం. తాగడానికి బాగానే ఉంటాయి, కానీ వాటిలోనూ కరిగిన లవణాలు మిగిలే ఉంటాయి. ప్లేట్ల మీద సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే చాలు. గొంతుదాకా పోస్తే గట్టు మీద గతుకులకి చింది బయటికొచ్చేది నీళ్లు కాదు, యాసిడ్. ఆ ఖాళీలో మళ్లీ నీళ్లే పోస్తారు కాబట్టి యాసిడ్ బలం కూడా క్రమంగా తగ్గిపోతుంది.

ఇక మిగిలింది సీలు, చిందడం, ఉప్పునీళ్లు. మూడింటికీ తడి ఒకేలా కనిపిస్తుంది. ఏది యాసిడ్, ఏది ఉప్పునీళ్లు అన్నది చూడాలి. దానికి పసుపు వాడాం. తెల్లకాగితం ముక్కల్ని పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి, మీద సున్నపునీళ్లు తాకిస్తే ఎర్రబడతాయి, పారాణి కలిపినప్పుడు వచ్చే రంగే అది. ఆ ఎర్రకాగితం యాసిడ్‌కి తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. ఉప్పునీళ్లు తగిలితే ఎర్రగానే ఉంటుంది. సున్నం కాగితానికే, బ్యాటరీ మీద పోయడానికి కాదు. కాగితాలు ఆవిడే తయారు చేశారు. సన్నటి పట్టీలుగా కత్తిరించి, ఒక్కోదాన్నీ పటకారుతో పట్టుకుని ఆనించారు.

మొదట టెర్మినళ్లు కడిగి, బాగా ఆరబెట్టి, లోడు లేని రాత్రి బండిని అలాగే ఉంచాం. పొద్దున ప్లస్ పోస్టు మొదట్లో చుట్టూ కాగితం తిప్పితే ఎక్కడా రంగు మారలేదు. సీలు పగిలి ఉంటే బండి కదలకపోయినా అక్కడ ఎంతోకొంత ఊరేది. ఆ భయం తీరిపోయింది.

తర్వాత పట్టుబడి రోజున బండి ప్లాంటు నుంచి తిరిగి రాగానే చూశాం. ప్లస్ పోస్టుకి దగ్గరున్న మూత మొదట్లో కాగితం పసుపుపచ్చ అయింది. అక్కడినుంచి క్లాంపు లోపలి అంచుదాకా ఒక సన్నటి తడి గీత ఉంది, దాని మీద ఎక్కడ ఆనించినా పసుపుపచ్చే. బయటి పక్క వైరు కొన దగ్గర, పచ్చగా ఉన్న చోట, తడి బాగానే ఉంది గాని కాగితం ఎర్రగానే మిగిలింది. తెల్లపొడి యాసిడ్‌ది, పచ్చ చిలుము రొయ్యల ఐసునీళ్లది అన్నమాట. ఒకే క్లాంపు మీద రెండు వేర్వేరు జబ్బులు, రెండింటికీ మందు వేరు.

చిందింది ప్లస్ వైపే ఎందుకు పారుతోంది? ఆవిడ మొదట్లో చెప్పిన మాటకి జవాబు బ్యాటరీ కింద దొరికింది. ఇనుప ట్రే ప్లస్ వైపు మూల తుప్పు తినేసి, బ్యాటరీ ఆ పక్కకి వేలెడంత ఒరిగి కూర్చుంది. ఆ వైపు గదిలో నీళ్లు మూతకి ఆనుకుని ఉన్నాయి, చిందినదంతా ఆ పక్కకే జారుతోంది. ట్రేని తినేసింది కూడా ఆ యాసిడే.

ఏం మార్చాం

గొంతుదాకా ఉన్న నీళ్లు ముందు తగ్గించాలి. ఇంకేమీ పోయకుండా దానంతట అది తగ్గేదాకా ఆగొచ్చు, కానీ ఈలోపు గట్ల మీద చిందుతూనే ఉంటుంది. హైడ్రోమీటరు బుడ్డితో తీసేస్తే కొంత యాసిడ్ పోతుంది. ఎలాగూ క్లాంపు మీద పడి పోయే యాసిడే కదా అని, పై మట్టం వరకు తీసి, ప్లాస్టిక్ సీసాలో సోడాతో విరిచేశాం. కొత్తగా యాసిడ్ పోయలేదు. వాడుకలో ఉన్న బ్యాటరీలో యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు.

ట్రేకి వెల్డింగ్ షాపులో మూల అతికించారు, బ్యాటరీ దించి దూరంగా పెట్టాకే. రంగు వేసి, కింద రబ్బరు ముక్క వేసి, మట్టం చూసి బిగించాం. తొట్టి కింద, బ్యాటరీకి పైగా పాత ట్యూబు రబ్బరు అడ్డంగా కట్టి, నీళ్లు వెనక్కి జారేలా వాలు పెట్టాం. ప్లాస్టిక్ సంచి తొడిగేస్తే సరిపోదా అన్నాడాయన. గ్యాసు నిలుస్తుంది, వద్దన్నాను. చుట్టూ గాలి ఆడాలి, పైనుంచి నీళ్లు మాత్రం పడకూడదు.

ఇక వైరు. తొడుగు చివర కొంచెం ఉబ్బి ఉంది. బ్లేడుతో చీరితే ఎర్రగా ఉండాల్సిన రాగి పోగులు జానెడు పొడవునా నల్లగా, మధ్యమధ్య పచ్చగా ఉన్నాయి. వేళ్లతో నలిపితే కొన్ని పొడిగా రాలాయి. ఆ 0.7 వోల్టు పోయింది ఇక్కడే. బయటికి కనిపించే పోగుల కొనల్లోంచి ఉప్పునీళ్లు తొడుగు లోపలికి పాకిపోయాయి. బాగున్న చోటిదాకా కత్తిరిస్తే వైరు పొడుగు చాలదు. కొత్త వైరు, పాతదానికన్నా సన్నం కానిది, కొనకి వేసే లగ్గు (లోహపు తొడుగు) ప్రెస్‌తో నొక్కించి, వేడి చేస్తే బిగుసుకునే స్లీవు వేసి, సీసం క్లాంపుతో బిగించాం. సుత్తితో కొట్టిన లగ్గులో సందులుంటాయి, ఉప్పుగాలికి ఆ సందులు చాలు. ఈ ఒక్క పనీ ఇంట్లో అయ్యేది కాదు.

చివరి కొలతల్లో క్లాంపు దగ్గర 0.03, వైరులో 0.2, మోటారు దగ్గర 10.1. నీళ్లు పోసే పని ఆవిడ తీసుకున్నారు. నెలకోసారి మూత విప్పి చూడటం, మట్టం ప్లేట్ల మీద సెంటీమీటరు కన్నా తగ్గితేనే డిస్టిల్డ్ వాటర్ పోయడం. ఆ సీజను అయ్యేదాకా అదే బ్యాటరీ నడిచింది, తోయాల్సిన అవసరం రాలేదు. పొడి అసలు రాలేదా అంటే, మైనస్ బోల్టుకి కొంచెం తుప్పు వచ్చింది. సముద్రపు గాలికి అంతమాత్రం తప్పదు, గుడ్డతో తుడిచి వాజలిన్ రాస్తే సరిపోయింది.

మిగతా బళ్లకి దీనిలోంచి తీసుకోగలిగినవి

కడగడం అవసరమే, కానీ నేనిప్పుడు దాన్ని పరీక్షలా వాడుతున్నాను. శుభ్రంగా కడిగి వదిలేస్తే, మళ్లీ పొడి ఎక్కడ, ఎంత కాలానికి వచ్చిందో అదే చెబుతుంది. ఏడాదికో, ఎనిమిది నెలలకో రెండు పక్కలా కొద్దిగా వస్తే కడిగి, వాజలిన్ రాసి మర్చిపోవచ్చు. వారాల్లో వస్తే, అందులోనూ ఒకే పక్క వస్తే, సోడా డబ్బా పక్కన పెట్టి నీళ్ల మట్టం, ట్రే వాలు, ఛార్జింగు చూడాలి. పోస్టు చుట్టూ ఉంగరంలా వస్తే సీలు చూడాలి. వైరు కొనన వస్తే తొడుగు చీరి చూడాలి. మీటరు లేని ఇంట్లో సెల్ఫ్ రెండు మూడుసార్లు కొట్టాక క్లాంపుల్ని చేత్తో తాకి చూసినా కొంత తెలుస్తుంది. ఒకటి వేడెక్కి రెండోది చల్లగా ఉంటే వేడెక్కిన చోటే అడ్డం ఉంది.

ఇంట్లో చెయ్యి పెట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. పోస్టు చేత్తో కదులుతుంటే, పెట్టె పక్కలు ఉబ్బి ఉంటే, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే కడగడం ఆపి బ్యాటరీ మనిషికి చూపించాలి. యాసిడ్ కంట్లో పడితే సోడా నీళ్లు కాదు, ధారగా మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి అప్పుడు ఆసుపత్రికి.

మోటారు సైకిళ్లకి ఇప్పుడు ఎక్కువగా మూతలు లేని సీల్డ్ బ్యాటరీలే వస్తున్నాయి. వాటి చుట్టూ వైర్లు, ఫ్యూజులు ఇరుకుగా ఉంటాయి కాబట్టి సోడా నీళ్లు పోయొద్దు, గుడ్డ తడిపి పిండి తుడవండి. చిన్న నట్టు బోల్టులు కాబట్టి తుప్పు పడితే రుద్దుతూ కూర్చోవడం కన్నా కొత్తవి వేసుకోవడమే తేలిక. అలాంటి బ్యాటరీ టెర్మినల్ మొదట్లో తెల్లపొడి పదేపదే వస్తుంటే నీళ్ల మట్టం మీద అనుమానం పెట్టుకోవడానికి వీల్లేదు, పోసే దారే లేదు కదా. అక్కడ ముందు చూడాల్సింది ఛార్జింగు వోల్టేజీ, తర్వాత సీలు.